నాణేనికి మొలిచిన గడ్డం

ఆర్దిచ్‌బెల్ ఊరి మ్యూజియం నేలమాళిగకు కిటికీ లేదు. ఒకే తలుపు, దానికి రెండు తాళాలు, తాళాల మీద లక్క ముద్ర. లోపలికి ఎవరూ ఒంటరిగా పోకూడదు. పోయిన ఇద్దరూ ఒకరి చేతుల మీద ఒకరు కన్నేసి కూర్చోవాలి. ఉద్యోగ విరమణకు వారం ముందు మూఫిత్ ఆ గదిలో కూర్చుని, ముప్ఫయ్యొక్క ఏళ్లుగా తన పేరు మీదున్న నాణేలను ఫెరాయ్ అనే కొత్త అధికారిణికి అప్పగిస్తున్నాడు.

అప్పగింత అంటే అరలు చూపించి చేతులు దులుపుకోవడం కాదు. ఒక్కో నాణేన్నీ పొట్లంలోంచి తీయాలి, తూచాలి, కార్డు మీది రాతను పైకి చదవాలి, రాసిందీ చేతిలో ఉన్నదీ ఒకటేనని ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెట్టాలి. ఒక్కదాని దగ్గర పేచీ వచ్చినా చివరి కాగితం కదలదు. చివరి కాగితం కదలకపోతే తాళంచెవి మెడలోంచి దిగదు. మూఫిత్‌కు ముందు పనిచేసినాయన ఒక చెవిపోగు తేడా వల్ల, వయసు దాటాక కూడా రెండేళ్లు రోజూ వచ్చి ఆ మెట్లు దిగాడు. ఆ కథ మూఫిత్‌కు కంఠతా వచ్చు. అందుకే వారం నుంచీ అతనికి సరిగ్గా అన్నం సహించడం లేదు.

సహించకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది గుర్తు తెలియని నాణేల పెట్టెలో, అడుగున, నాలుగు మడతల కాగితంలో ఉంది.

ఊళ్లో అతణ్ని మూఫిత్ అని పిలిచేవాళ్లు ఇద్దరే. ఒకరు భార్య నూర్తెన్, రెండో మనిషి కొండ మీద మేకలు కాసే దోందూ. మిగతా జనానికంతా అతను మేక మాస్టారు. పాఠం చెప్పింది ఏనాడూ లేదు, మేకను పెంచిందీ లేదు. ఆ పేరుకు మూలం ఒక రాగి నాణెం.

అతనికి ఇరవయ్యేడేళ్లప్పుడు ఊరి పైనున్న శిథిలాల్లో అది దొరికింది. రోమ్ చక్రవర్తులు ఏలిన రోజుల్లో ఇక్కడ అరచెయ్యంత ఊరు కూడా సొంతంగా రాగి నాణేలు కొట్టించుకునేది. ముందువైపు మర్యాదకు చక్రవర్తి తలకాయ, వెనకవైపు తమకు గర్వమైనదేదో ఒకటి: దేవతో, నదో, గుడో, జంతువో. ఏ ఊరి నాణెమో చెప్పాలంటే అంచు మీద ఊరి పేరు చూడాలి. అంచు అరిగిపోతే దొరికిన చోటు, బొమ్మ తీరు, అచ్చు చెక్కిన పనితనం, మూడూ కలిపి తేల్చాలి. ఈ నాణెం అంచు మీద రెండే అక్షరాలు మిగిలాయి. ఆ రెండూ పక్క ఊరు కుమ్లూచాయ్ పాతపేరులోనూ ఉన్నాయి.

వెనకవైపు చెట్టు కింద ఏదో జంతువు నిలబడి ఉంది, నిండా పచ్చటి చిలుము. మూఫిత్ సూదీ భూతద్దం పట్టుకుని మూడు మధ్యాహ్నాలు దాని ముందు కూర్చున్నాడు. జంతువు వీపు మీద గరుగ్గా ఏదో లేచి ఉంది. మట్టి అనుకుని గోకేశాడు. గవద కింద ఒక ముద్ద వేలాడుతోంది. దాన్ని గోకబోయి ఆగాడు. ఆ కాస్త ముద్ద గడ్డంలా ఉంది. గడ్డం కనబడ్డాక మేక కనబడింది. మేక కనబడ్డాక మన కొండ కనబడింది. ఇక ఆలస్యం దేనికి? సూదితో ఆ గడ్డాన్ని ఇంకాస్త దువ్వి, కార్డు మీద చక్కటి దస్తూరీతో రాశాడు: ‘చెట్టు కింద మేక. ఆర్దిచ్‌బెల్ నాణెం.’

గోకాల్సింది వదిలి, వదలాల్సింది గోకాడు. కానీ ఆ సంగతి అప్పుడెవరికి తెలుసు?

ఆర్దిచ్‌బెల్‌కు అంతవరకూ చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఉన్నదంతా మేకజున్నే, మేకపాలతో చేసే చీజు. అలాంటి ఊరికి పద్దెనిమిది వందల ఏళ్ల నాటి మేక దొరికింది. జున్ను డబ్బా మీదికెక్కింది, బస్సుల తలుపుల మీదికెక్కింది, ఫుట్‌బాల్ జట్టు చొక్కాల మీదికెక్కింది. పెద్ద పట్నం ప్రొఫెసర్లు మాత్రం తమ పుస్తకంలో ఆ నాణెం పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టారు. కుమ్లూచాయ్‌ది కూడా కావచ్చునట. ఆ ప్రశ్నార్థకం ఊరి గొంతులో చేపముల్లులా ముప్ఫయ్యేళ్లు అలాగే ఉండిపోయింది.

పుస్తకాలు తెరవకుండానే ప్రశ్నార్థకం పెట్టిన మనిషి ఇంకొకరున్నారు. మొదటి ఏడాదే సంతలో దోందూ జున్ను డబ్బా చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, నలుగురూ వినేలా అడిగింది.

“ఒరే మూఫిత్, దీనికి మెడ ఏదిరా?”

“ఉంది పిన్నీ. చిన్న బొమ్మ కదా, కనబడదు.”

“నా కళ్లకి తోడేలు పక్క కొండ మీదున్నా కనబడుతుంది. ఈ కాళ్లేమిటి, పీటకోళ్లలా? ఈ కాళ్లతో ఇది ఏ బండ ఎక్కుతుంది?”

“ఇది పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి మేక పిన్నీ.”

“అయితే? మేకలకి మెడ ఆ తరవాత మొలిచిందా?”

సంత సంతంతా నవ్వింది. మూఫిత్ చెవులు ఎర్రబడ్డాయి. చదువుకున్న కుర్రాడి పొగరు కదా, అనకూడని మాట అనేశాడు. “పాత నాణేలు నీకేం తెలుస్తాయిలే పిన్నీ.”

“నాకు నాణేలు తెలియవు నాయనా. మేకలు తెలుసు,” అని డబ్బా అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

ఆ తరవాత దోందూ ఎదురైతే మూఫిత్ వీధి మారేవాడు. చిన్న ఊరు కాబట్టి వీధులు త్వరగానే అయిపోయేవి.

పన్నెండేళ్ల కిందట ఒక రైతు నాగలికి తగిలిందని ఇంకో నాణెం తెచ్చి ఇచ్చాడు. మూఫిత్ భూతద్దం పెట్టాడు. ముందువైపు తన మేక నాణెం మీదున్న కుర్ర చక్రవర్తే, వెనకవైపు అదే చెట్టు. జంతువు గిట్ట దగ్గర్నుంచి అంచుదాకా వెంట్రుకంత గీత. అచ్చుకు పగులు పడితే ఆ అచ్చు నుంచి వచ్చే ప్రతి నాణెం మీదా అదే చోట ఆ గీత పడుతుంది. తన మేక నాణెం మీద ఆ గీతను వెయ్యిసార్లు చూశాడు. రెండూ ఒకే అచ్చులో పడ్డాయి. కాబట్టి రెంటి మీదా ఉన్నది ఒకే జంతువు. ఈ రెండో నాణేన్ని ఎవరూ గోకలేదు. దాని వీపు మీద ముళ్లు దువ్వెనలా నిక్కి ఉన్నాయి. మూతి ముందుకు పొడుచుకొచ్చింది. గడ్డం లేదు. కోర ఉంది.

అడవిపంది.

మతం ముట్టుకోవద్దన్న జంతువు. అంతటితో పోలేదు. అంచు చుట్టూ ఊరి పేరు ఒక్క అక్షరం చెడకుండా ఉంది. ఆర్దిచ్‌బెల్ పాతపేరే. ప్రొఫెసర్ల ప్రశ్నార్థకాన్ని తుడిచెయ్యగల ఒకే ఒక్క సాక్ష్యం తన అరచేతిలో ఉంది. దాన్ని చూపిస్తే ఊరికి నాణెం దక్కుతుంది, మేక పోతుంది, మేకతోపాటు మేక మాస్టారూ పోతాడు. దాస్తే ఏదీ పోదు.

ఆరోజు మూఫిత్ బరువు సరిగ్గా తూచాడు, కొలత సరిగ్గా రాశాడు. బొమ్మ అన్నచోట మాత్రం ‘జంతువు, గుర్తు తెలియదు’ అని రాసి పెట్టె అడుగున పెట్టాడు. ఇంటికెళ్లాక నూర్తెన్ “మొహం అలా ఉందేం?” అంటే “చిలుము పొడి కళ్లలో పడింది” అన్నాడు. పన్నెండేళ్లుగా ఆ పొడి కళ్లలోనే ఉంది.

ఇప్పుడు, గురువారం పొద్దున, ఫెరాయ్ చెయ్యి ఆ పెట్టె అడుగుకు చేరింది.

ఫెరాయ్‌కి ముప్ఫై రెండేళ్లు. మెత్తగా మాట్లాడుతుంది, మెత్తగానే మొండికేస్తుంది. పొట్లం విప్పింది, తూచింది, కార్డు చదివింది. “జంతువు, గుర్తు తెలియదు.” భూతద్దం పెట్టి చూసింది. భూతద్దం తీసేసి మూఫిత్ వంక చూసింది. మళ్లీ పెట్టింది.

“మాస్టారూ, ఇది గుర్తు తెలియందా?”

“వెలుతురు తక్కువగా ఉండేది అమ్మా ఆరోజుల్లో.”

“లైటు ఈ ఒక్క నాణేనికేనా తగ్గింది? దీనికి ముందుదాని మీద ఈగంత పామును గుర్తుపట్టారు మీరు.”

మూఫిత్ గోడ వైపు చూశాడు. అక్కడ కిటికీ ఉంటే ఎంత బాగుండేది! ఫెరాయ్ లేచి మేక నాణెం తీసింది. రెంటినీ పక్కపక్కన పెట్టింది. గిట్ట దగ్గరి గీతను ఫోనులో పెద్దది చేసి ఒకదాని మీద ఒకటి వేసి చూసింది.

“గడ్డం ఎవరు పెట్టారు మాస్టారూ?” అంది చివరికి.

“సూది పెట్టింది,” అన్నాడు మూఫిత్.

“సూదిని ఎవరు పట్టుకున్నారు?”

మూఫిత్ చేతులు చూపించాడు. పట్టుబడ్డ జేబుదొంగ చూపించినట్టు.

ఫెరాయ్ కోప్పడలేదు. కోప్పడితే తేలిగ్గా ఉండేది. “సరే. రెండు కార్డుల మీదా ‘అడవిపంది’ అని దిద్దండి. నేను సంతకం పెడతాను, మీరు వెళ్లిపోవచ్చు. మేక అని రాసున్న కార్డు మాత్రం నేను తీసుకోను. రేపు నేను దిగిపోయేరోజున ఈ మేక నా మెడకు చుట్టుకుంటుంది.”

“శనివారం విగ్రహం ఉందమ్మా.”

“ఏ విగ్రహం?”

“మేక విగ్రహం. ఊరి మొదట్లో, కూడలి మధ్యలో. మేయరు గారు ముసుగు తీస్తారు. ముసుగు తాడు పట్టుకునేది నేను.”

ఫెరాయ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికో, జాలిని ఆపుకోవడానికో తెలియలేదు. “సోమవారం దాకా ఆగుతాను మాస్టారూ. సోమవారానికి కార్డు దిద్దితే సంతకం. దిద్దకపోతే మంగళవారం కూడా ఇక్కడే కలుద్దాం. బుధవారం కూడా.”

మూఫిత్‌కు చెవిపోగు తేడా వచ్చినాయన గుర్తొచ్చాడు. చివరిరోజుల్లో ఆయన మెట్లు దిగేటప్పుడు గోడను పట్టుకునేవాడు. గోడ మీద ఆ చోట నునుపు ఇప్పటికీ ఉంది.

శుక్రవారం మూఫిత్ మంగలి షాపుకెళ్లాడు, మర్నాటి సభకు గడ్డం గీయించుకుందామని. సబ్బు నురగ నిండా పూశాక పక్క కుర్చీలోకి మేయరు జెవ్దెత్ వచ్చి కూర్చున్నాడు. భారీ మనిషి, భారీ గొంతు. మూఫిత్ దీన్ని దేవుడిచ్చిన అవకాశం అనుకున్నాడు.

“జెవ్దెత్ గారూ, ఒక మాట. ఒకవేళ, ఊరికే అంటున్నాను, ఒకవేళ ఆ జంతువు మేక కాకపోతే?”

“ఏ జంతువు?”

“మన జంతువు.”

మంగలి కత్తి మూఫిత్ గొంతు దగ్గర ఆగింది. మేయరు అద్దంలోంచే అతని కళ్లలోకి చూశాడు.

“మేక కాకపోతే మరేమిటి మాస్టారూ? గొర్రెనా?”

“గొర్రె కాదు.”

“గొర్రె అయితే సర్దుకోవచ్చు. గొర్రె కాకపోతే ఆ మాట మీ కడుపులోనే ఉంచండి. నలభై ఇళ్ల ఆడవాళ్లు ఆ డబ్బా మీద బతుకుతున్నారు. ఎన్నికలు ఏప్రిల్లో. ఏమంటారు?”

ఏమంటాడు? నోటి చుట్టూ నురగ, గొంతు మీద కత్తి. “అలాగే,” అన్నాడు. నురగ కొంచెం నోట్లోకి పోయింది.

ఇంటికెళ్లి నూర్తెన్‌కు అంతా చెప్పేశాడు. పన్నెండేళ్లదీ, ముప్ఫయ్యొక్కేళ్లదీ కలిపి. నూర్తెన్ తర్హానా చారు కలుపుతూ విన్నది, గరిటె ఆపలేదు.

“అంటే ఇన్నాళ్లూ నేను పంది మాస్టారు పెళ్లాన్నా?”

“నూర్తెన్!”

“మా అమ్మ చెప్పింది, గుమాస్తాని చేసుకోవే, నాణేలవాడు వద్దే అని. చెప్పెయ్యి మూఫిత్. ఆ నేలమాళిగ వాసన నీ చొక్కాల్లోంచి పోవాలి. లేకపోతే నిన్ను వరండాలో ఆరేస్తాను.”

చెప్పెయ్యి అనడం తేలికే. ఎవరికి, ఎక్కడ, ఏ నోటితో?

శనివారం కూడలి నిండా జనం. డోలు, జుర్నా సన్నాయి, బడి పిల్లల కాగితపు జెండాలు. జున్ను సంఘం ఆడవాళ్లు తలకు తెల్ల గుడ్డలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ల పక్కన కుర్చీ వద్దని కర్ర మీద ఆనుకుని దోందూ నిలబడి ఉంది. ఎనభై దాటినా కళ్లు అలాగే ఉన్నాయి. మూఫిత్ వేదిక మీద, మేయరుకూ శిల్పికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. శిల్పి పక్క జిల్లా మనిషి, పేరు ఎమ్రుల్లా. చేతుల నిండా వెల్డింగు మచ్చలు. కొత్త కోటు వేసుకొచ్చాడు, దాని చేతి మీది చీటీ ఇంకా పీకలేదు.

“మూడు నెలలు పట్టింది సార్,” అని మూఫిత్ చెవిలో చెప్పాడు ఎమ్రుల్లా. “నేను సొంతంగా ఏదీ కలపలేదు. మీ ఫొటోలో ఎలా ఉందో అలాగే. ఇంచి ఇంచి కొలిచాను.”

మూఫిత్ ముసుగు కింద ఉబ్బెత్తుగా ఉన్న ఆకారం వైపు చూశాడు.

మేయరూ, మూఫితూ లేచి తాడు లాగారు. ముసుగు జారింది.

ఎండలో ఇత్తడి రంగు జంతువొకటి నిలబడింది. పీటకోళ్లలాంటి కాళ్లు. మెడ లేదు. భుజాలు తలకే అతుక్కున్నాయి. పీపాలాంటి ఒళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి. ఆ మూతి కింద ఒక చక్కటి, దువ్విన గడ్డం. చిన్న నాణెం మీద కంటికి ఆనని సంగతులన్నీ ఏనుగంత సైజులో వచ్చి కూడలి మధ్యన నిలబడ్డాయి. ఎమ్రుల్లా అంత నిజాయితీపరుడు.

డోలు ఒకసారి మోగి ఆగిపోయింది.

“ఇదేమిటి?” అంది జున్ను సంఘంలోంచి ఒకావిడ.

“పంది,” అన్నాడు ఒక పిల్లాడు. వాళ్లమ్మ వాడి నోరు మూసింది, కానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది.

మేయరు మెడ నరాలు ఉబ్బాయి. ఎమ్రుల్లా వైపు తిరిగాడు. “ఏం చేశావయ్యా ఇది? మేకను చెయ్యమంటే ఏం చేశావ్?”

“సార్, మ్యూజియం ఫొటో...”

“మేకను జన్మలో చూశావా? ఈ ముక్కేమిటి? ఈ పొట్టేమిటి? ఊరి మొహాన ఉమ్మేశావు!” ఆ వేడిలోనే మేయరు మూఫిత్ భుజం మీద చెయ్యి వేశాడు. స్నేహంగా, బరువుగా. “మాస్టారూ, మీరే చెప్పండి. వీడు పాడుచేశాడు కదా? ఒక్క మాట. చెప్పండి.”

మైకు మూఫిత్ నోటి ముందుకొచ్చింది. పన్నెండేళ్లుగా వెతుకుతున్న తలుపు అదిగో, బార్లా తెరిచి ఉంది. ఒక్కసారి తలాడిస్తే చాలు. తప్పు శిల్పిది అవుతుంది, మేక మేకగానే ఉంటుంది, సోమవారం సంగతి సోమవారం చూసుకోవచ్చు. ఎమ్రుల్లా అతని వైపే చూస్తున్నాడు. కోటు చేతి మీది చీటీ గాలికి ఊగుతోంది.

మూఫిత్ నోరు తెరిచాడు. ముందు దగ్గొచ్చింది. తరవాత మాటొచ్చింది.

“ఈయన పాడుచెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు చేశాడు. గడ్డం ఒక్కటే అబద్ధం, అది నేను పెట్టింది. ఇరవయ్యేడేళ్లప్పుడు, సూదితో. వీపు మీద ముళ్లు ఉండేవి, అవి గోకేశాను. అది అడవిపంది.”

కూడలిలో ఎవరో ఈల వేశారు. ఎవరో పాపం వినకూడదన్నట్టు ‘తౌబా, తౌబా’ అని చెవులు మూసుకున్నారు. మేయరు మైకు లాక్కోబోయాడు. మూఫిత్ వదల్లేదు. ఇంత భయస్తుడికి ఆ పట్టు ఎక్కడిదో అతనికే తెలియదు.

“ఇంకో నాణెం ఉంది. పన్నెండేళ్లుగా దాచాను. అదీ పందే. కానీ దాని మీద మన ఊరి పేరు పూర్తిగా ఉంది. కుమ్లూచాయ్‌ది కాదు. మనదే.”

మేయరు చెయ్యి మైకు మీదే ఆగింది. “పూర్తిగానా?” అన్నాడు గొంతు తగ్గించి.

“పూర్తిగా.”

“ప్రశ్నార్థకం?”

“ఉండదు.”

మేయరు మొహంలో ఏదో లెక్క మొదలైంది, కానీ అది తేలేలోగా జున్ను సంఘం లేచి నిలబడింది. “పంది బొమ్మతో జున్ను ఎవడు కొంటాడయ్యా?” అని ఒకరు, “మా డబ్బా జోలికొస్తే చూడండి!” అని ఇంకొకరు. ఆ గోలలో కర్ర టక్కుటక్కుమనిపించుకుంటూ దోందూ విగ్రహం దగ్గరికి నడిచింది. చుట్టూ ఒకసారి తిరిగింది. గడ్డం పట్టుకుని లాగి చూసింది.

“పంది మాత్రం బాగా కుదిరింది నాయనా,” అంది ఎమ్రుల్లాతో. “మా జొన్నచేను తవ్వేది అచ్చం ఇదే. ఆ గడ్డం తీసెయ్యి, దానికి సిగ్గుగా ఉంటుంది.” తరవాత వేదిక వైపు తలెత్తింది. “ఒరే మూఫిత్! మెడ దొరికిందా?”

సంతలో ముప్ఫయ్యేళ్ల కిందట నవ్విన నవ్వే మళ్లీ వినబడింది. మూఫిత్ చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. కాకపోతే ఈసారి మారడానికి వీధి కూడా లేదు.

సోమవారం నేలమాళిగలో రెండు కార్డులూ దిద్దాడు. ‘మేక’ మీద ఎర్ర గీత కొట్టి, పక్కన ‘అడవిపంది’ అని రాసి, ‘వీపు మీది ముళ్లు శుభ్రం చేసేటప్పుడు పోయినవి. గడ్డం అసలుది కాదు’ అని కింద చేర్చాడు. ఈసారి దస్తూరీ చక్కగా రాలేదు.

ఫెరాయ్ చదివింది. “శుభ్రం చేసింది ఎవరో రాయలేదు.”

మూఫిత్ తన పేరు రాశాడు.

ఫెరాయ్ సంతకం పెట్టింది. తాళంచెవి అతని మెడలోంచి తీసేటప్పుడు తాడు జుట్టులో చిక్కుకుంది, ఇద్దరూ కలిసి విడదీయాల్సొచ్చింది. బయటికొచ్చి తలుపు వేశాక మూఫిత్ లక్క మీద తన ముద్ర వెయ్యబోయి, అలవాటుగా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముద్ర ఫెరాయ్ వేసింది.

విగ్రహం సంగతి ఇంకా తేలలేదు. ప్రశ్నార్థకం పోయిందని మేయరు పత్రికలో రాయించాడు, జంతువు పేరు రాయించలేదు. జున్ను డబ్బా మీద మేక మేకగానే ఉంది, దానికి మాత్రం మెడ కొంచెం పొడుగు గీయించారు. ఎమ్రుల్లా ఒకరోజు వచ్చి గడ్డం కోసేసి, డబ్బు తీసుకుని, మూఫిత్ చెయ్యి గట్టిగా నొక్కి వెళ్లిపోయాడు. ఆ తరవాత విగ్రహం మీద నీలం టార్పాలిన్ కప్పారు. ‘నిర్ణయం అయ్యేదాకా’ అన్నారు. గాలి వీచినప్పుడు టార్పాలిన్ లేచి కింద రెండు గిట్టలు కనబడతాయి. ఊళ్లోకి రావాలన్నా పోవాలన్నా ఆ కూడలి చుట్టూ తిరగాల్సిందే. మినీబస్సు అక్కడ మలుపు తిరిగినప్పుడల్లా డ్రైవరు అద్దంలోంచి చూసి, “పంది మాస్టారూ, దిగుతారా?” అని అడుగుతాడు. మర్యాదగానే అడుగుతాడు, అదే బాధ.

శీతాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున్నే తలుపు చప్పుడైంది. దోందూ. కొంగు మూట విప్పి, మట్టి గడ్డకట్టిన గుండ్రటిదొకటి అరచేతిలో పెట్టి చాచింది.

“మేకల దొడ్డిలో తవ్వితే దొరికిందిరా. ఏమిటో చూసి చెప్పు. గోకకు.”

మూఫిత్ వేళ్లు వాటంతటవే ముందుకొచ్చాయి. రెండు చేతులూ గబుక్కున వెనక్కి కట్టుకున్నాడు.

“నేను ముట్టుకోకూడదు పిన్నీ. అధికారం ఇప్పుడు ఆ అమ్మాయిది. పద, మ్యూజియానికి వెళ్దాం.”

“నడుస్తూ చెప్పు మరి. ఏమిటిది?”

మూఫిత్ వంగి, చేతులు వెనకే పెట్టుకుని, దాని చుట్టూ తల తిప్పి తిప్పి చూశాడు. మట్టి కింద ఏదో కాలు లాంటిది కనబడుతోంది. నాలుగు కాళ్లదో, రెండు కాళ్లదో.

“తెలియదు పిన్నీ,” అన్నాడు.

“అదీ మాట,” అని దోందూ మూట కట్టుకుని ముందు నడిచింది.